కారుకి పెద్ద రేడియేటర్ వేస్తే ఇంజన్ వేడి నిజంగా తగ్గుద్దా? చూసుకోవడం దగ్గర్నుంచి బిగించి టెస్ట్ చేసుకునే దాకా

పెద్ద రేడియేటర్ వేస్తే ఇంజన్ ఎప్పుడూ చల్లగా నడుస్తుందని చాలామంది అనుకుంటారు, కొంతమంది మెకానిక్‌లు కూడా అలాగే చెప్తారు, కానీ జరిగేది అది కాదు. మామూలు రోడ్డు మీద 80 లో పోతున్నప్పుడు ఇంజన్ ఎంత వేడి మీద ఉండాలో తేల్చేది థర్మోస్టాట్ వాల్వ్, రేడియేటర్ కాదు. రేడియేటర్ తేల్చేది ఇంకోటి, మే నెల మధ్యాహ్నం ఐదుగురు ఎక్కి ఏసీ వేసుకుని శ్రీశైలం ఘాట్ ఎక్కుతున్నప్పుడు ఆ వేడి ఎంత దాకా పోయి ఆగుతుంది అనేది. ఈ ఒక్క తేడా బుర్రలో పెట్టుకుంటే మీ డబ్బులు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో మీకే తెలిసిపోద్ది.

ముందు లోపల ఏం జరుగుతుందో చూద్దాం

ఇంజన్‌లో కాలే పెట్రోల్ కానీ డీజిల్ కానీ, అందులో ఉన్న శక్తిలో సుమారు మూడో వంతే బండిని లాగడానికి పనికొస్తుంది, ఇంకో మూడో వంతు సైలెన్సర్ లోంచి పొగతో పాటు పోతుంది, మిగతాది చాలావరకు కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరచడానికి లోపల తిరిగే ద్రవం) మీద పడుతుంది. అంటే ఇంజన్ ఎంత కష్టపడుతుందో ఇంచుమించు అంత వేడిని రేడియేటర్ బయటికి పంపాలి. వాటర్ పంప్ కూలెంట్‌ని ఇంజన్ బ్లాక్, దాని పైన బిగించిన హెడ్ చుట్టూ తిప్పుతుంది, అది 82 నుంచి 88 డిగ్రీల మధ్య ఎక్కడో ఒకచోట వేడెక్కగానే థర్మోస్టాట్ లోపలున్న మైనం కరిగి ఉబ్బి వాల్వ్ తెరుచుకుంటుంది, అప్పుడు కూలెంట్ రేడియేటర్ లోకి వెళ్ళి సన్నటి ట్యూబుల గుండా పోతూ, వాటికి అంటించిన పల్చటి రేకులు, అంటే ఫిన్స్ ద్వారా వేడిని గాలికి ఇచ్చేస్తుంది. చలికాలం పొద్దున్నే ఇంత పెద్ద రేడియేటర్ పెట్టినా వాల్వ్ సగమే తెరుచుకుని ఇంజన్‌ని మళ్ళీ ఆ 88, 90 దగ్గరే నిలబెడుతుంది. బ్యారేజీకి ఇంకో పది గేట్లు కట్టినంత మాత్రాన మామూలు రోజుల్లో నీటిమట్టం తగ్గదు, వరద వచ్చిన రోజు ఆ గేట్లు పనికొస్తాయి, ఇదీ అంతే.

వరద ఇక్కడ ఎండ. రేడియేటర్ వదిలే వేడి, కూలెంట్‌కి బయటి గాలికి మధ్య ఎంత తేడా ఉంటే అంత ఎక్కువ. కూలెంట్ 95 డిగ్రీలు, బయట గాలి 25 డిగ్రీలు అయితే తేడా 70. అదే కారు రెంటచింతలలోనో రామగుండంలోనో 45 డిగ్రీల ఎండలో ఉంటే తేడా 50 మాత్రమే. అంటే ఏమీ చెడిపోకుండానే, అదే రేడియేటర్ సత్తాలో దాదాపు 29 శాతం పోయింది. పైగా తారు రోడ్డుకి దగ్గర్లో ఉండే గాలి వాతావరణ శాఖ చెప్పిన లెక్క కంటే వేడిగా ఉంటుంది, రేడియేటర్ ముందు ఏసీ వేడిని బయటికి వదిలే జాలీ, అంటే కండెన్సర్ ఉంటుంది కాబట్టి అది ముందే వేడిచేసిన గాలి వెనక్కి వస్తుంది, టర్బో డీజిల్ అయితే కొన్నిట్లో టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ కూడా ముందే ఉంటుంది. జనవరిలో ఏ ఇబ్బందీ లేని బండి మే లో ఎందుకు మొరాయిస్తుందో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

స్టెప్ 1: తప్పు నిజంగా రేడియేటర్‌దేనా

కొత్తది కొనే ముందు దీనికి టైం పెట్టండి, గైడ్ మొత్తంలో ముఖ్యమైన భాగం ఇదే. హీట్ ఎప్పుడు ఎక్కుతోందో గమనిస్తే సగం జవాబు దొరుకుతుంది.

ట్రాఫిక్‌లో నిలబడ్డప్పుడు ఎక్కి, రోడ్డు మీద స్పీడ్ అందుకోగానే దిగిపోతుంటే అది గాలి సమస్య. నిలబడ్డ కారుకి గాలి ఇచ్చేది ఫ్యాన్ ఒక్కటే, అదే 60 దాటితే ఎదురుగాలే చాలావరకు సరిపోతుంది. కాబట్టి ఫ్యాన్ మోటార్, రిలే, ఫ్యూజ్, సెన్సార్ చూడండి, ఏసీ వెయ్యగానే ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూడండి, రెండు స్పీడ్‌ల ఫ్యాన్ అయితే రెండో స్పీడ్ కూడా వస్తోందా చూడండి, ఎందుకంటే చిన్న స్పీడ్ పనిచేస్తుంటే ఫ్యాన్ బానే ఉందనుకుని వదిలేస్తారు. బొలెరో లాంటి వాటిలో ఇంజన్‌కే బిగించిన ఫ్యాన్ ఉంటే మధ్యలో విస్కస్ క్లచ్ (వేడెక్కాక ఫ్యాన్‌ని ఇంజన్‌తో పట్టి తిప్పేది) ఉంటుంది, ఇంజన్ బాగా వేడెక్కాక ఆఫ్ చేసి చేత్తో తిప్పితే అది బిర్రుగా ఉండాలి, గిర్రున తిరిగిపోతే క్లచ్ పోయినట్టే.

హైవే మీద, ఘాట్ మీద ఎక్కి, నెమ్మదిగా పోతే దిగుతుంటే అప్పుడు రేడియేటర్ మీద అనుమానం పడొచ్చు, కానీ అప్పుడు కూడా వాటర్ పంప్, సగమే తెరుచుకునే థర్మోస్టాట్, కింది హోస్ పైప్ చూడాలి. కింది పైపు పంప్ లాక్కునే వైపు ఉంటుంది, అది మెత్తబడిపోతే ఎక్కువ ఆర్‌పీఎం లో లోపలికి నొక్కుకుపోయి దారి మూసేస్తుంది, బానెట్ ఎత్తి ఎవరినైనా రేస్ ఇవ్వమని మీరు దూరం నుంచి చూస్తే కనపడిపోతుంది.

ఎక్కడా కారకుండానే కూలెంట్ తగ్గిపోవడం, పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే రిజర్వాయర్ డబ్బాలో ఆగకుండా బుడగలు రావడం, వేడెక్కాక కూడా తియ్యటి వాసనతో తెల్లపొగ రావడం, స్టార్ట్ చేసిన రెండు నిమిషాలకే పై హోస్ రాయిలా గట్టిపడటం, ఇవి హెడ్ గ్యాస్కెట్ (హెడ్‌కీ బ్లాక్‌కీ మధ్య ఉండే సీల్) పోయిన లక్షణాలు. ఇక్కడ ఎంత పెద్ద రేడియేటర్ వేసినా లాభం లేదు, ముందు హెడ్ విప్పి దాని అడుగు చదును చేయించే ఫేసింగ్ పని చేయించాల్సిందే.

ఇంకోటి రేడియేటర్ మూత. మూత అంటే ఊరికే మూత కాదు. నీళ్లు, కూలెంట్ సగం సగం కలిపిన మిశ్రమం మామూలుగా 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది, అదే మూత పెట్టే ఒక బార్ ఒత్తిడిలో 125 దాటాక గానీ మరగదు. స్ప్రింగ్ వదులై మూత ప్రెజర్ పట్టకపోతే ఆ లాభమంతా పోతుంది. పొద్దున్నే చల్లటి ఇంజన్ మీద పై హోస్ చూడండి, చదునుగా నొక్కుకుపోయి కనిపిస్తే మూతలో ఉన్న వెనక్కి లాక్కునే చిన్న వాల్వ్ పట్టేసిందని అర్థం, డబ్బాలో ఉన్న కూలెంట్ వెనక్కి రావట్లేదు. కొన్ని వందల రూపాయల్లో పోయే పని ఇది. అలాగని 0.9 బార్ ఉన్నచోట 1.3 పెట్టకండి, పాత హోస్ పైపులు, కారు లోపలి హీటర్‌లో ఉండే చిన్న రేడియేటర్ (హీటర్ కోర్) తట్టుకోవు.

చివరగా గ్రిల్ ముందు ఏముందో చూడండి. బుల్ గార్డ్, ఎక్స్‌ట్రా లైట్లు, గ్రిల్‌కి అడ్డంగా పెట్టిన బోర్డులు గాలిని ఆపేస్తాయి, బుల్ గార్డ్ అయితే 2017 డిసెంబర్‌లోనే కేంద్ర రవాణా శాఖ వద్దని రాష్ట్రాలకి రాసింది కూడా. కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య సందులో టార్చ్ వేసి చూస్తే చాలా బళ్ళల్లో దుమ్ము, దూది, పురుగులు కలిసి దుప్పటిలా పట్టేసి ఉంటాయి, పైనుంచి కండెన్సర్ శుభ్రంగానే కనిపిస్తుంది కాబట్టి ఎవరూ అటు చూడరు. అది కడిగితేనే సగం బళ్ళు దారికొస్తాయి.

ఒక్క మాట గట్టిగా చెప్తున్నా, హీట్ ఎక్కుతోందని థర్మోస్టాట్ వాల్వ్ పీకేయించకండి. మన దగ్గర ఇది బాగా అలవాటైపోయింది. వాల్వ్ లేకపోతే మామూలు రోజుల్లో ఇంజన్ సరిగ్గా వేడెక్కక మైలేజీ పడిపోతుంది, ఆయిల్‌లో తేమ చేరుతుంది, అరుగుదల పెరుగుతుంది. ఇంకా ఘోరం ఏంటంటే చాలా ఇంజన్లలో ఆ వాల్వే వేడెక్కాక బైపాస్ దారిని మూస్తుంది, అది లేకపోతే బైపాస్ ఎప్పుడూ తెరిచే ఉండి కూలెంట్‌లో కొంత భాగం రేడియేటర్ వైపు పోకుండానే మళ్ళీ ఇంజన్‌లోకి తిరిగేస్తుంది, అంటే ఘాట్ మీద వేడి ఇంకా పెరుగుతుంది.

స్టెప్ 2: మార్చే ముందు లెక్క రాసుకోండి

డాష్ బోర్డ్ ముల్లుని నమ్మొద్దు. చాలా కార్లలో 80 నుంచి 105 దాకా ఎంత మారినా ముల్లు మధ్యలోనే ఉండేట్టు కంపెనీలే సెట్ చేస్తాయి, కొన్ని కార్లలో అసలు ముల్లే లేదు, నీలం లైటు ఎర్ర లైటు తప్ప. 2013 తర్వాత తయారైన కారైతే ఓబీడీ పోర్ట్ (ఇంజన్ కంప్యూటర్ లెక్కలు చదివే సాకెట్) ఉంటుంది, చిన్న బ్లూటూత్ అడాప్టర్ పెట్టి ఫోన్‌లో అసలు కూలెంట్ టెంపరేచర్ చూసుకోవచ్చు. పాత అంబాసిడర్, పద్మిని, జీపు లాంటివాటికి ఒక మంచి మెకానికల్ గేజ్ బిగించుకోండి.

మీరు రోజూ తిరిగే దారిలో ఒక ఎక్కుడు రోడ్డు ఎంచుకోండి, బయట ఎండ ఎంతుందో, ఏసీ వేశారా లేదా, ఎంతమంది ఉన్నారు, ఏ గేరు, ఎక్కేటప్పుడు గరిష్టంగా ఎంత చూపించింది, పైకెక్కి చదును రోడ్డు వచ్చాక మళ్ళీ 90కి దిగడానికి ఎంతసేపు పట్టింది, ఇవన్నీ రాసుకోండి. తర్వాత కొత్త రేడియేటర్‌తో ఇదే దారిలో పోల్చాలి. ఇది లేకుండా మార్చేసి "ఇప్పుడు బాగుందండీ" అనడంలో అర్థం లేదు.

స్టెప్ 3: ఏ రేడియేటర్ కొనాలి

1901 నాటి మెర్సిడెస్ 35 హార్స్‌పవర్ కారుకి విల్‌హెల్మ్ మేబాక్ చేసిన తేనెపట్టు రేడియేటర్ గురించి ఇక్కడ చెప్పాలి. 6 మిల్లీమీటర్ల చదరపు గొట్టాలు 8,070 తీసుకుని పక్కపక్కన పేర్చి అతికించాడు, గాలి ఆ గొట్టాల లోంచి పోతుంది, నీళ్లు వాటి చుట్టూ ఉన్న సన్నటి సందుల్లోంచి పోతాయి. దాంతో బండికి కావాల్సిన నీళ్లు సగానికి తగ్గి 9 లీటర్లకి వచ్చాయి, చల్లదనం మాత్రం పెరిగింది. ఇప్పటికీ అదే సూత్రం. ఎక్కువ నీళ్లు పట్టే రేడియేటర్ గొప్పది కాదు, నీళ్లు ఎక్కువుంటే వేడెక్కడానికి కాస్త టైం పడుతుంది అంతే, పొడవైన ఘాట్ మీద అది కూడా నిండిపోతుంది. గాలికి తగిలే ఉపరితలం ఎంత, దాని గుండా గాలి ఎంత పోతోంది, ఈ రెండే లెక్క.

అందుకే వీలైతే మందం పెంచడం కంటే వెడల్పు, ఎత్తు పెంచడం మేలు. మందం పెంచితే వెనక వరసలకి చేరే గాలి ముందు వరసల దగ్గరే వేడెక్కిపోయి ఉంటుంది, పైగా గాలికి అడ్డం పెరిగి ఫ్యాన్ లాగలేకపోతుంది. మందం రెట్టింపు చేస్తే చల్లదనం రెట్టింపు అవ్వదు. బంపర్ వెనక చోటు లేక మందమే పెంచాల్సొస్తే ఫ్యాన్ కూడా దానికి తగ్గదే వెయ్యాలి, లేకపోతే హైవే మీద మంచిగా, ట్రాఫిక్‌లో మునుపటి కంటే ఘోరంగా తయారవుతుంది.

రాగి మంచిదా అల్యూమినియం మంచిదా అని అడుగుతుంటారు. లోహంగా చూస్తే రాగి వేడిని అల్యూమినియం కంటే దాదాపు రెట్టింపు వేగంగా మోస్తుంది, కానీ పాత రేడియేటర్లలో ట్యూబులు ఇత్తడివి, ఫిన్స్ మాత్రమే రాగివి, రెంటికీ మధ్య సీసం తగరం కలిపిన సోల్డర్ ఉంటుంది, ఆ సోల్డర్ వేడిని సరిగ్గా దాటనివ్వదు. అల్యూమినియం తేలిక, గట్టి, అందుకని ట్యూబుని అంగుళం వెడల్పు దాకా చెయ్యొచ్చు, ఒక్కో ట్యూబు ఎక్కువ ఫిన్‌కి అంటుకుని ఉంటుంది, కాబట్టి మంచి రెండు వరసల అల్యూమినియం కోర్ (ట్యూబులు, ఫిన్స్ కలిసిన మధ్య భాగం) నాలుగు వరసల పాత ఇత్తడి కోర్‌తో పోటీ పడగలదు. అయితే అంబాసిడర్, పాత జీపుల వాళ్ళకి నా సలహా వేరే, రాగి రేడియేటర్ ఉంటే దాన్ని పారేయకండి. ట్యాంక్ విప్పించి చూడండి, ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోసిన దాంట్లో ట్యూబుల నోళ్లు తెల్లటి సున్నం గారతో, ఎర్రటి తుప్పు బురదతో పెన్సిల్ ముల్లు కూడా దూరనంతగా మూసుకుపోయి ఉంటాయి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల పాత రేడియేటర్ పనివాళ్ళు సన్నటి రాడ్లు దూర్చి ఒక్కో ట్యూబూ శుభ్రం చేసి మళ్ళీ టంకం పెడతారు, కోర్ మరీ పాడైతే కొత్త కోర్ వేస్తారు. అలా బాగుచేసింది కూడా అప్‌గ్రేడ్ లాంటిదే, బండి పాత రూపం చెక్కుచెదరదు.

ఇప్పటి కార్లలో వచ్చేవి అల్యూమినియం కోర్‌కి ప్లాస్టిక్ ట్యాంకులు నొక్కి బిగించినవి. పదేళ్లు దాటాక ఆ ప్లాస్టిక్ పెళుసైపోయి హోస్ బిగించే మూతి దగ్గర పగులుతుంది. వీటికి పూర్తి అల్యూమినియం వెల్డింగ్ ట్యాంకులవి దొరుకుతాయి, గట్టిదనం కోసం మంచివే, కానీ కంపెనీ ఇచ్చిన ఇంజనే, రీమ్యాప్ (ఇంజన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చి పవర్ పెంచడం) ఏమీ చెయ్యలేదు, ట్రైలర్ లాగరు అనుకుంటే కంపెనీ కొత్త రేడియేటర్ వేసినా మీ సమస్య తీరిపోతుంది, నా మాట వినండి, ఆ మిగిలిన డబ్బు కొత్త వాటర్ పంప్‌కి, హోస్‌లకి పెట్టండి. రీమ్యాప్ చేసిన డీజిల్, ఇంజన్ మార్చిన జీపు, నిత్యం ఘాట్‌లో లోడుతో తిరిగే బండి, వీటికి మాత్రం పెద్దది అవసరమే.

ఫిన్స్ మరీ దగ్గర దగ్గరగా ఉన్నవి ల్యాబ్‌లో బాగా చల్లబరుస్తాయి, మన మట్టిరోడ్ల మీద, వరికోతల టైంలో పొలం పక్క దారుల్లో నూగు దుమ్ము పట్టేసి ఒక్క సీజన్లో మూసుకుపోతాయి. పల్లెటూరి వాడకం ఉంటే కాస్త ఎడంగా ఉన్నవే తీసుకోండి. ఆటోమేటిక్ గేర్ కారైతే గేర్ ఆయిల్ చల్లబరిచే కూలర్ కొన్నిట్లో రేడియేటర్ ట్యాంక్ లోనే ఉంటుంది, కొత్తదానికి ఆ రెండు కనెక్షన్లు ఉన్నాయో లేదో చూసుకోండి.

ఇంక ష్రౌడ్. ఫ్యాన్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ కవచం లేకపోతే ఫ్యాన్ తన రెక్కల ముందున్న గుండ్రటి భాగం నుంచే గాలి లాగుతుంది, మూలలన్నీ దండగ. అలాగే రేడియేటర్ పక్కల, కింద సందులుంటే వేడిగాలి చుట్టూ తిరిగి మళ్ళీ ముందుకే వస్తుంది. ఆ సందుల్ని ఫోమ్ పట్టీలతో మూసేయడం అన్నిటికంటే చవకైన అప్‌గ్రేడ్, చాలామంది వదిలేసేది కూడా ఇదే.

స్టెప్ 4: పాతది విప్పడం

ఇంజన్ పూర్తిగా చల్లారాకే మొదలుపెట్టండి, వేడి మీద మూత తిప్పితే మరిగే కూలెంట్ మొహం మీదకి ఎగజిమ్ముతుంది, గుడ్డ వేసి తిప్పుతాం అనే ధైర్యం వద్దు. బ్యాటరీ నెగెటివ్ తీసేయండి, ఎలక్ట్రిక్ ఫ్యాన్ కొన్ని కార్లలో ఇగ్నిషన్ ఆఫ్ లో కూడా తిరుగుతుంది, చేతులు జాగ్రత్త. కింద బేసిన్ పెట్టి డ్రెయిన్ ప్లగ్ లేదా కింది హోస్ వదులు చేసి కూలెంట్ పట్టండి. దాన్ని కాలవలో, వాకిట్లో పారబోయకండి దయచేసి, అందులో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కుక్కలు, గేదెలు తాగితే కిడ్నీలు పోయి చచ్చిపోతాయి. డబ్బాలో పట్టి వాడేసిన ఆయిల్ తీసుకునే గ్యారేజీలో అడిగి ఇవ్వండి.

తర్వాత ఫ్యాన్, ష్రౌడ్ కలిపి పైకి తీసి, హోస్‌లు విప్పండి. హోస్ అంటుకుపోతే స్క్రూడ్రైవర్ పెట్టి పీకొద్దు, ప్లాస్టిక్ మూతి విరుగుతుంది, కొంచెం తిప్పుతూ లాగండి, కొత్త హోస్ ఎలాగూ వేస్తారు కాబట్టి బ్లేడుతో నిలువుగా కోసేసినా పర్లేదు. ఏసీ కండెన్సర్ రేడియేటర్‌కే క్లిప్పులతో బిగించి ఉంటే గ్యాస్ పైపులు ముట్టుకోకుండా దాన్ని తాడుతో ముందుకి కట్టేసి రేడియేటర్ మాత్రమే పైకి లేపండి.

పాత రేడియేటర్ బయటికొచ్చాక ఇంజన్ లోపల కడగడం మర్చిపోకండి. థర్మోస్టాట్ తీసి, శుభ్రమైన నీళ్ల పైపు పెట్టి బయటికొచ్చే నీళ్లు తేటగా అయ్యేదాకా వదలండి. ఇది చెయ్యకపోతే బ్లాక్‌లో ఉన్న తుప్పంతా నెల తిరక్కుండానే కొత్త రేడియేటర్ ట్యూబుల్లో చేరుతుంది.

స్టెప్ 5: కొత్తది బిగించడం, కూలెంట్ పొయ్యడం

కింద ఉండే రబ్బరు బుష్‌లు కొత్తవి వెయ్యండి, రేడియేటర్ ఇంజన్ అదురుకి, చాసిస్ మెలికకి కాస్త కదలాలి, గట్టిగా బిగిస్తే వెల్డింగ్ దగ్గర పగులుతుంది. కొత్త థర్మోస్టాట్ కంపెనీ ఇచ్చిన టెంపరేచర్‌దే వెయ్యండి, 71 డిగ్రీలది వేస్తే ఇంజన్ చల్లగా ఉంటుందని అమ్ముతారు, మామూలు రోడ్డు మీద ఆ అంకె తగ్గుతుంది నిజమే, కానీ వాల్వ్ పూర్తిగా తెరుచుకున్నాక ఘాట్ మీద చల్లబరిచే సత్తా అంతే ఉంటుంది, ఏమీ మారదు.

కూలెంట్ విషయంలో రంగు చూసి కొనొద్దు, మాన్యువల్లో ఏ రకం రాసుందో అదే. పాత పచ్చ రకాన్నీ కొత్త ఓఏటీ (ఆర్గానిక్ యాసిడ్‌లతో తుప్పు ఆపే) రకాన్నీ కలిపితే తుప్పు ఆపే గుణం పోతుంది, ఒక్కోసారి జిగురులా గడ్డకడుతుంది. చిక్కగా పోస్తే ఇంకా చల్లగా ఉంటుందనుకోవడం తప్పు, వేడిని మొయ్యడంలో నీళ్లదే పైచేయి, గ్లైకాల్ పెరిగేకొద్దీ ఆ సత్తా తగ్గుతుంది. మనకి లంబసింగిలో తప్ప గడ్డకట్టే చలి భయం లేదు, తుప్పు ఆపడానికి, మరిగే స్థానం పెరగడానికి మాత్రం కూలెంట్ కావాలి, కాబట్టి 30 నుంచి 50 శాతం మధ్య మాన్యువల్ చెప్పినంత. కలిపే నీళ్లు ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటరే. బోరు నీళ్లు ఒక్క చెంబు కూడా వద్దు.

పోసేటప్పుడు కారు ముందు భాగం ఎత్తులో ఉండేట్టు ర్యాంప్ మీద నిలిపి, హీటర్ ఫుల్ హాట్‌లో పెట్టి, బ్లీడ్ స్క్రూ ఉంటే తెరిచి, నిదానంగా పొయ్యండి, పై హోస్ చేత్తో నొక్కుతూ ఉంటే బుడగలు బయటికొస్తాయి. స్టార్ట్ చేసి ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా ఐడిల్‌లో ఉంచండి. హీటర్ లోంచి వేడిగాలి రాకుండా ముల్లు మాత్రం ఎక్కుతుంటే లోపల గాలి ఇరుక్కుంది, వెంటనే ఆపి చల్లారనిచ్చి మళ్ళీ చెయ్యండి. కొత్త రేడియేటర్ వేశాక హీట్ ఎక్కిందని తిట్టుకునేవాళ్ళలో చాలామందికి అసలు కారణం ఈ గాలే.

అల్యూమినియం రేడియేటర్‌కి ఇంకో టెస్ట్ కూడా చెయ్యండి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే మూత తీసి, స్టార్ట్ చేసి, మల్టీమీటర్ నెగెటివ్ వైరు బ్యాటరీ నెగెటివ్‌కి, పాజిటివ్ వైరు కూలెంట్‌లో ముంచి, లైట్లు, ఫ్యాన్, ఏసీ అన్నీ వేసి చూడండి. 0.3 వోల్టులు దాటిందంటే ఎక్కడో ఎర్త్ సరిగ్గా లేక కరెంటు కూలెంట్ ద్వారా పోతోంది, అలాగే వదిలేస్తే నెలల్లోనే ట్యూబులకి సూది బెజ్జాలు పడతాయి. ఇంజన్ ఎర్త్ స్ట్రాప్ శుభ్రం చేసి బిగిస్తే చాలావరకు సరిపోతుంది.

స్టెప్ 6: తేడా వచ్చిందా లేదా

మొదట రాసుకున్న దారిలోనే, అలాంటి ఎండలోనే, అంతే మందితో వెళ్ళండి. చదును రోడ్డు మీద అంకె మారదు, మారకూడదు కూడా, అక్కడ ఇంతకుముందు 90 ఉంటే ఇప్పుడూ 90 చుట్టుపక్కలే ఉండాలి. అక్కడ 75 దగ్గర ఉండిపోతోందంటే థర్మోస్టాట్ మూసుకోవట్లేదని. మారాల్సింది ఎక్కుడులో గరిష్టం, అది తగ్గాలి, పైకెక్కాక మళ్ళీ మామూలుకి దిగే టైం తగ్గాలి, ట్రాఫిక్‌లో ఫ్యాన్ తిరిగే సేపు తగ్గాలి. తిరుమల రెండో ఘాట్ లాంటి ఎడతెగని ఎక్కుడు మీద ఇది బాగా తెలుస్తుంది. ఎక్కుడులో గరిష్టం ఏమీ తగ్గకపోతే స్టెప్ 1 కి మళ్ళీ వెళ్ళండి, ముఖ్యంగా పంప్, హెడ్ గ్యాస్కెట్. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉంటే కోర్ మీద వరసగా పట్టి చూడండి, వేడి ఒక చివర నుంచి ఇంకో చివరకి మెల్లగా తగ్గుతూ రావాలి, మధ్యలో ఒక పట్టీ మాత్రం చల్లగా ఉంటే అక్కడ కూలెంట్ పోవట్లేదు, కొత్తదైనా సరే వెనక్కి ఇచ్చేయండి.

వారం తిరిగాక చల్లటి ఇంజన్ మీద క్లిప్పులు ఇంకోసారి బిగించి, డబ్బాలో లెవెల్ మిన్‌కి మ్యాక్స్‌కి మధ్య ఉందో లేదో చూసి తగ్గితే అదే మిశ్రమం పొయ్యండి. ఏటా మార్చి నెలాఖరుకి, ఎండలు ముదరకముందే, ఫిన్స్‌ని ఇంజన్ వైపు నుంచి ముందుకి మామూలు పైపు నీళ్లతో కడగండి, సర్వీస్ సెంటర్లో ప్రెజర్ గన్ దగ్గరగా పెట్టనివ్వొద్దు, ఫిన్స్ ఒంగిపోతే గాలి దారి మూసుకుపోద్ది.